కర్మయోగి వివేకానందస్వామి – ప్రాచ్య తత్త్వము, పాశ్చాత్య నిర్వహణము

 

 జీర్ణోద్ధారణ, మహాకుంభాభిషేక ప్రత్యేక సంచికలలో అర్చకునిచేత స్థలపురాణము వ్రాయించుట ఆనవాయితీ. ఆ పనిని మన పెద్దలు ఇదివరకే చేసియున్నందున, ఒక మహనీయుని చరిత్ర వ్రాయవలసినదిగా కార్యవర్గము వారు నన్ను కోరినారు. నేను వివేకానందస్వామిని ఎంచుకొన్నాను. ఆగమము చదువుకొన్న అర్చకునికి చికాగో వెళ్ళిన సన్న్యాసితో ఏమి పని అని మీలో కొందరికి తోచవచ్చును. నాకూ చాలాకాలము అట్లే తోచినది.

మా వేదపాఠశాలలో గురువుగారు సముద్రయానమును అంగీకరించేవారు కారు. సన్న్యాసికి సభలు, తీర్మానములు, చందా పుస్తకములు తగవని వారి అభిప్రాయము. నేనూ అదే భావముతో పెరిగినాను. నడివయస్సు దాటిన తరువాత స్వామి జీవితమును శ్రద్ధగా చదివినాను. వారి మాటలన్నింటినీ నేటికీ అంగీకరించలేను, ఆ సంగతి దాచుకొనను. అయితే ఒక విషయమున మాత్రము నా తల వంగినది. పరులు ఇచ్చిన ధనమును ఎట్లు ముట్టుకోవలెను, పదిమందిని ఎట్లు ఒక త్రాటిపైకి తేవలెను, తెచ్చిన తరువాత తాను ఎట్లు ప్రక్కకు తప్పుకోవలెను అన్న విషయమది. చికాగో ప్రసంగము సంగతి బడిపిల్లలకు కూడా తెలియును గనుక దానిని విస్తరించను.

స్వామి 1863 జనవరి 12వ తేదీన కలకత్తా నగరమున జన్మించినారు. పూర్వాశ్రమ నామము నరేంద్రనాథ దత్తు. తండ్రి విశ్వనాథ దత్తు హైకోర్టు అటార్నీ, తల్లి భువనేశ్వరీదేవి. ఇంట ఒక ప్రక్క న్యాయశాస్త్ర గ్రంథములు, మరొక ప్రక్క రామాయణ భారతములు. కళాశాలలో హ్యూము, మిల్లు, స్పెన్సరు మొదలైన పాశ్చాత్య తత్త్వవేత్తలను చదివి, దేనినీ పరీక్షింపక నమ్మరాదని నిశ్చయించుకొన్న యువకుడాయన. అటువంటివాడు 1881లో శ్రీరామకృష్ణ పరమహంసను చూచి, ఆయనను కూడా పరీక్షకు పెట్టినాడు. గురువు కోపగించలేదు. పరీక్షింపనిచ్చినారు.

1884లో తండ్రి అకస్మాత్తుగా మరణించుటతో సంసారము అప్పులపాలైనది. పట్టభద్రుడై కూడా ఉద్యోగము దొరకక నరేంద్రుడు కాళ్ళరిగేట్లు తిరిగినాడు. ఇంట బియ్యము లేని రోజు తాను బయట తిన్నానని తల్లితో చెప్పి పస్తున్న సందర్భములు కలవు. భక్తులారా, ఈ ఘట్టమును మీరు గుర్తుంచుకొనవలెను. తరువాతి కాలమున ఒక్కొక్క రూపాయి విషయమున ఆయన చూపిన కాఠిన్యము ఆకలి తెలిసినవాని కాఠిన్యము.

1886 ఆగస్టు 16న పరమహంస మహాసమాధి చెందినారు. యువశిష్యులు వరాహనగరమున ఒక శిథిలమైన ఇంటిలో చేరి సన్న్యాసులైనారు. ఆ ఇంటిలో తిండికి ఠికాణా లేదు, కట్టుకొనుటకు చాలినన్ని బట్టలు లేవు. అక్కడ శశి అను ఒక శిష్యుడుండెను. ఆయనే తరువాత రామకృష్ణానందస్వామి. మిగిలినవారు ధ్యానమునకు, తీర్థయాత్రలకు పోవుచుండగా ఆయన గురుదేవుల అస్థికలశమును పటమును వదలక, కాలకాలమునకు పూజ, నైవేద్యము, వింజామర సేవ జరుపుచు కూర్చుండెను. తోటివారికి తిండి సమకూర్చినదీ ఆయనే. నా వంటి అర్చకులకు ఆ చరిత్రలో దగ్గరి బంధువు ఆయనే గనుక, వారి ప్రస్తావన మరల తెచ్చెదను.

నరేంద్రుడు 1890 నుండి దేశమంతయు పరివ్రాజకుడై తిరిగినారు. రాజుల అతిథిగృహములలోను, పాకీవారి గుడిసెలలోను ఉన్నారు. 1892 డిసెంబరులో కన్యాకుమారి చేరినారు. దేశమున ధర్మమునకు కొదువ లేదు, అన్నమునకు కొదువ ఉన్నది, పదిమంది కలసి ఒక పని నడుపు శక్తికి అంతకన్న కొదువ ఉన్నది అని ఆ యాత్రలో ఆయనకు దృఢపడినది. పాశ్చాత్యులకు మన తత్త్వమును అందించి, వారి నుండి ధనమును, కార్యనిర్వహణ విద్యను తేవలెనన్న సంకల్పము అట్లు పుట్టినది.

ఆ సంకల్పమును మన తెలుగువారి గడ్డపై బహిరంగముగా చెప్పినారని మీలో ఎందరికి తెలియునో. 1893 ఫిబ్రవరిలో స్వామి హైదరాబాదుకు విచ్చేసినారు. 13వ తేదీన సికింద్రాబాదు మహబూబు కళాశాలలో సుమారు వేయిమంది ఎదుట, తాను పడమటి దేశములకు పోవుటలోని ఉద్దేశమును ఆంగ్లమున వివరించినారు. సభలో దొరలు కూడా ఉండిరి. నిజాము బంధువైన ఒక నవాబు వేయి రూపాయలు ఇచ్చుటకు సిద్ధపడగా, ఇంకను సమయము కాలేదని స్వామి అప్పటికి స్వీకరించలేదు. చేతికి వచ్చుచున్న ధనమును వద్దనుట ఎంత కష్టమో చందాలకు తిరిగిన మన కార్యవర్గ సభ్యులను అడిగిన చెప్పెదరు.

మదరాసులో అళసింగ పెరుమాళ్ అను ఉపాధ్యాయుడు ఇంటింటికి తిరిగి ప్రయాణపు ఖర్చు కూడబెట్టినాడు. ఖేత్రీ మహారాజు మిగిలినది సమకూర్చినాడు. మే 31న బొంబాయిలో ఓడ ఎక్కి, చీనా, జపానుల మీదుగా జూలై చివర చికాగో చేరినారు. చేరిన తరువాత తెలిసినది, సర్వమత మహాసభ సెప్టెంబరు వరకు లేదని, పరిచయ పత్రము లేనివారికి ప్రవేశము లేదని, పేర్ల నమోదు కూడా ముగిసినదని! పంపిన భక్తులలో ఒక్కరైనను ఈ సంగతులు కనుక్కొనలేదు. ప్రేమతో పంపినారు, పద్ధతితో పంపలేదు. మన పనులు నేటికీ ఎన్నో అట్లే నడుచును గదా. హార్వర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ హెన్రీ రైటు వ్రాసిన ఉత్తరమువల్ల ప్రవేశము దొరికినది. ఆ చిరునామా పోగొట్టుకొని ఒక రాత్రి రైలు స్టేషను వద్ద ఖాళీ పెట్టెలో పడుకొన్నారు. మరునాడు వీధిలో అలసి కూర్చున్న ఆయనను హేలు అను గృహిణి పిలిచి ఆదరించినది. సెప్టెంబరు 11 నాటి విజయమునకు ముందు ఇంత కథ ఉన్నది.

కీర్తి వచ్చిన పిదప ఉపన్యాసములు ఏర్పాటు చేయు ఒక వ్యాపార సంస్థ ఆయనతో ఒప్పందము వ్రాయించుకొన్నది. ఊరూరా తిప్పినది. జనము వేలు చెల్లించుచుండగా స్వామి చేతికి అందునది స్వల్పము. మోసము గ్రహించి, నష్టపడియు 1894లో ఆ ఒప్పందమునుండి బయటపడినారు. అమెరికావారినుండి స్వామి నేర్చిన పాఠములలో ఇదియు ఒకటి; కట్టుబాటు లేని తెలివి ఎట్టిదో దగ్గరినుండి చూచినారు. రెండవ పాఠము మంచిది. అక్కడ సామాన్య జనులు కూడా ఒక సంఘముగా కూడి, అధ్యక్షుని, కార్యదర్శిని, కోశాధికారిని ఎన్నుకొని, లెక్కలు వ్రాసి, నాయకుడు లేకపోయినను పని సాగునట్లు చూచుకొందురు. స్త్రీలు సైతము సంస్థలు నడుపుచుండిరి. ఆ సంవత్సరమే న్యూయార్కులో వేదాంత సమాజమును నెలకొల్పినారు.

ఇచ్చినది ఏమి అందురా? 1895 చివరనుండి న్యూయార్కులో కర్మయోగమును బోధించినారు. ఫలమునకై పరుగెత్తు ఆ దేశస్థులకు, ఫలముపై కన్ను తీసి సాధనముపై ఉంచుమని చెప్పినారు. 1900లో కాలిఫోర్నియాలో చేసిన ఒక ప్రసంగమునకు ఇదే విషయము: సాధ్యముపై ఎంత శ్రద్ధయో సాధనముపై అంత శ్రద్ధ ఉండవలెనని, సాధనము శుద్ధమైనచో ఫలము దానంతట అదే వచ్చునని. మనకు గీతలో ఉన్నదే గదా ఇది అందురు. ఉన్నది. అయితే మనము దానిని పారాయణకు ఉంచుకొన్నాము. వారు దానిని కార్యాలయమునకు తీసికొనిపోవలెనని స్వామి చెప్పినారు. నాయకుడు కాగోరువాడు ముందు అందరికి సేవకుడు కావలెనన్నది, అసూయ ఉన్నచోట సంఘము నిలువదన్నది, అళసింగునికి, తోటి సన్న్యాసులకు ఆయన పలుమారు వ్రాసిన విషయములు.

1897 జనవరి 15న కొలంబోలో దిగినారు. మదరాసులో జనము బండి గుర్రములను విప్పి తామే లాగినారు. ఆ వైభవమును పక్కనబెట్టి, ఆ సంవత్సరము మే 1వ తేదీన కలకత్తా బాగ్‌బజారులో బలరామబాబు ఇంట జరిగిన సమావేశమునకు వత్తము. గృహస్థ భక్తులు, సన్న్యాసులు కూడినారు. ఒక సంఘమును స్థాపించవలెనని స్వామి ప్రతిపాదించినారు. పడమటి దేశములలో చూచిన ప్రతిసభ్యునికి సమాన ఓటు అను పద్ధతి ఈ దేశమునకు వెంటనే సరిపోదనియు, చదువు, త్యాగబుద్ధి వ్యాపించు వరకు మొదట ఒక పెద్ద ఆజ్ఞ అవసరమనియు, క్రమముగా అందరి మాటకు చోటు కల్పించవలెననియు ఆయన మతము. చూచినదానిని చూచినట్లు దిగుమతి చేయలేదు. రామకృష్ణ మిషను అట్లు ఏర్పడినది. ఒక అటార్నీ కార్యదర్శి, ఒక వైద్యుడు సహాయ కార్యదర్శులలో ఒకరు, శాస్త్రపఠనమునకు ఒక పండితుడు. ప్రతి ఆదివారము సభ.

అంతయు సాఫీగా సాగినదని తలంపవలదు. సభ ముగిసిన పిమ్మట సోదర శిష్యుడైన యోగానందస్వామి సూటిగా ఆక్షేపించినారు. ఈ సభలు, తీర్మానములు విదేశీ పద్ధతులు. గురుదేవులు చెప్పినది భగవద్దర్శనము గాని సంఘస్థాపన కాదు అని. మా గురువుగారు అన్నది కూడా ఇదియే! స్వామి తమ గురువు భావములు అనంతములని, వాటిని మన కొలతతో కొలువరాదని సమాధానమిచ్చినారు. మరొకసారి ఇటువంటి వాదము ముదిరినప్పుడు ఆయన మాట రాక, కన్నీటితో లేచి తమ గదిలోనికి పోయినారని జీవితచరిత్రకారులు వ్రాసినారు. గురువుపై ప్రేమను అణచుకొనుటకే ఈ పని మీద వేసుకొన్నానని పిదప చెప్పినారట. ఆక్షేపించిన యోగానందులే ఆ సంఘమునకు ఉపాధ్యక్షులైనారు. విభేదించినవానిని దూరము చేయక పీఠము వేసి కూర్చుండబెట్టుట ఏ నిర్వహణ శాస్త్రమున ఉన్నదో నాకు తెలియదు.

ఇక శశి మహారాజు సంగతి. పదేళ్ళు గురుదేవుల సన్నిధిని ఒక్క పూట విడువని అర్చకుడు. మదరాసు భక్తులు ఒక సన్న్యాసిని పంపవలెనని కోరగా, స్వామి ఆయననే వెళ్ళమన్నారు. చేయుచున్న పూజను, కనిపెట్టుకొనియున్న మూర్తిని విడిచి పొమ్మనుట! నేను చదువుచు ఆ చోట పుస్తకము మూసినాను. నన్నెవరైనా అట్లు అడిగిన నేనేమి చేసియుందునో. ఆయన 1897 మార్చిలో బయలుదేరినారు. మదరాసులో ఐస్‌హౌసు అను భవనమున గురుదేవుల పటము పెట్టి, మరల అదే పూజ సాగించినారు. వేసవి రాత్రులలో స్వామికి ఉక్కగా ఉండునని పటమునకు విసనకఱ్ఱతో విసరెడివారు. పగలు విద్యార్థులకు గీతోపనిషత్తులు చెప్పెడివారు. పూజను విడిచినది లేదు, స్థలము మారినదంతే. దక్షిణదేశమున రామకృష్ణ మఠములకు అది మొదటి పీఠము.

1898లో గంగ పడమటి ఒడ్డున బేలూరులో స్థలము కొన్నారు. 39,000 రూపాయలు. అందులో అధికభాగమిచ్చినది ఇంగ్లండుకు చెందిన ముల్లరు అను మహిళ. పిదప ఆమె అభిప్రాయభేదముతో దూరమైనది, ఆ స్థలము మాత్రము ఆమె దానమును నేటికీ మోయుచున్నది. పన్నెండేండ్లుగా అద్దె ఇండ్లలో తిరిగిన గురుదేవుల అస్థికలకు ఒక చోటు దొరికినదని అందరు సంతసించుచుండగా, రెండు నెలలకే కలకత్తాలో ప్లేగు పుట్టినది. జనము భయముతో పారిపోవుచుండిరి. విశ్రాంతికై డార్జిలింగులో ఉన్న స్వామి మే మొదట దిగివచ్చి, ఆ దినమే ధైర్యము చెప్పు కరపత్రములు వంగభాషలో, హిందీలో వ్రాయించినారు. సేవకు ధనమెక్కడ అని ఒకరు అడిగినారు. అవసరమైనచో కొత్తగా కొన్న మఠభూమిని అమ్మివేయుదమని స్వామి సమాధానము. చెట్టు క్రింద పడుకొని బిచ్చమెత్తినవారమే గదా, మరల అట్లే ఉందుమని.

దాతలారా, ఒక్క క్షణము నిలిచి ఆలోచింపుడు. గోపురమునకు కలశములు సిద్ధమై, యాగశాల కట్టి, ముహూర్తము పెట్టిన తరువాత ఊరిపై ఒక ఆపద వచ్చినచో, ఈ సొమ్మంతయు దానికి తీయుదమని నేను అనగలనా? మీరు ఒప్పుకొందురా? నాకు సమాధానము తెలియదు. ఆ ప్లేగు తగ్గి, భూమి అమ్మవలసిన అవసరము రాలేదు. 1899లో ప్లేగు మరల రాగా నివేదితయు, సదానందస్వామియు మురికివాడలలో చీపురు పట్టినారు.

1898 డిసెంబరు 9న బేలూరులో ప్రతిష్ఠ. ఉదయమున స్వామి గంగాస్నానము చేసి, పూజ ముగించి, గురుదేవుల అస్థికలున్న రాగి పాత్రను తమ కుడి భుజముపై ఎత్తుకొని నడచినారు. శంఖములు మ్రోగుచుండ శిష్యులు వెంట నడచినారు. నీ భుజముపై ఎక్కడికి తీసికొనిపోయిన అక్కడ ఉందునని పరమహంస ఒకప్పుడు తనతో చెప్పినారని త్రోవలో శిష్యునికి చెప్పినారు. కొత్త నేలపై పాత్రను దింపి సాష్టాంగపడి, పూజ, హోమము చేసి, స్వయముగా పాయసము వండి నివేదించినారు. అమెరికాలో వేదాంత సమాజమును నెలకొల్పిన చేతులే అవి. మన ఆలయమున బాలాలయమునుండి మూలస్థానమునకు కుంభము ఎత్తుకొన్న నాడు నా భుజమున ఆ బరువే తోచినది. అందులో జలము కొద్దియే.

లెక్కల విషయమున స్వామి అత్యంత కఠినులు. మఠపు బాధ్యత చూచుచున్న బ్రహ్మానందులకు ఆయన వ్రాసిన లేఖలలో ఇది పదే పదే కనిపించును. ఒక పనికై వచ్చిన ధనమును మరొక పనికి వాడరాదు, ఆకలితో చచ్చుచున్నను వాడరాదు. ప్రతి కాసుకు లెక్క ఉండవలెను. చిన్నప్పుడు నేను పనిచేసిన ఒక గుడిలో గోశాలకని ఒకరు ఇచ్చిన సొమ్ము రథశాల పైకప్పుకు పోయినది. ఎవరును తినలేదు, దేవునికే పెట్టినారు. అయినను ఆ దాత ఆవులను చూడవచ్చి, చూడక తిరిగిపోయినప్పుడు నేను ద్వారముననే ఉంటిని. ఈ జీర్ణోద్ధారణలో అన్నశాల పద్దు, గోపురము పద్దు వేరు వేరు పుస్తకములుగా ఉంచవలెనని నేను పట్టుబట్టినందుకు కొందరు విసుగుకొన్నారు. వారికి కారణము ఇదియే.

అంత కఠినుడైన ఆయనయు తల్లి విషయమున మెత్తబడినారు. ఖేత్రీ మహారాజు ఆమెకు నెలకు నూరు రూపాయలు పంపెడివాడు. తల్లికి ఒక నీడ కల్పించుటకై స్వామి ఇల్లు కొనదలచి మఠనిధినుండి అప్పు తీసికొన్నారు. ఆ అప్పు ఎట్లు తీరునో అన్న బాధ విదేశములనుండి వ్రాసిన ఉత్తరములలో కనిపించును. అది దానముగా తీసికొన్నను అడుగువారు లేరు, కాని ఆయన అప్పుగానే వ్రాయించినారు.

రెండవసారి పడమటికి పోయి, 1900 డిసెంబరు 9 రాత్రి చెప్పకయే బేలూరు చేరినారు. భోజనపు గంట మ్రోగుచున్నది, ద్వారము మూసియున్నది. ఆలస్యమైన తిండి దొరకదని గోడ దూకి వచ్చి పంక్తిలో కూర్చుండి కిచిడి తిన్నారు! జగద్విఖ్యాతుడు తన మఠమునకు దొంగవలె వచ్చినాడు. తరువాత కొద్ది వారములకే, 1901 జనవరి 30న, మఠపు ఆస్తినంతయు ధర్మకర్తలైన సోదర సన్న్యాసుల పేర దస్తావేజు వ్రాసినారు. అధ్యక్ష పదవిని తాము ఉంచుకొనలేదు. బ్రహ్మానందులు అధ్యక్షులు, శారదానందులు కార్యదర్శి. ధనము తెచ్చినవాడు, స్థలము కొన్నవాడు, పేరు తెచ్చినవాడు ముప్ఫై ఎనిమిదేండ్ల వయస్సున మఠములో ఒక సామాన్య సన్న్యాసిగా మిగిలినాడు. మన గ్రామములలో ధర్మకర్త పదవికై జరుగు వ్యాజ్యములు ఎరిగిన మీకు నేను వేరుగా చెప్పవలసినది లేదు. పాశ్చాత్యుల దస్తావేజు, మన సన్న్యాసాశ్రమము – ఈ రెండును ఆ కాగితముపై కలసినంత చక్కగా మరెక్కడను కలిసినట్లు నాకు కనబడదు.

మధుమేహము, ఉబ్బసము ఆయన శరీరమును అప్పటికే తినివేసినవి. 1902 జూలై 4న, చివరి రోజున, ఉదయము ధ్యానము చేసినారు. మధ్యాహ్నము బ్రహ్మచారులకు మూడు గంటలపాటు లఘుకౌముది చెప్పినారు. సాయంకాలము ప్రేమానందస్వామితో నడచుచు, మఠమున ఒక వేదపాఠశాల స్థాపించవలెనని ముచ్చటించినారు. మా గురువుగారు సజీవులై ఉన్నచో ఈ ఒక్క సంగతి వారికి తప్పక విన్నవించియుందును. రాత్రి తొమ్మిది దాటిన పిదప ధ్యానమునందే దేహము విడిచినారు. వయస్సు నలుబది నిండలేదు.

బేలూరులో గురుదేవులకు ఒక గొప్ప ఆలయము కట్టవలెనని స్వామి తలంచి, ఇంజనీరు ఉద్యోగము విడిచి సన్న్యసించిన విజ్ఞానానందస్వామికి దాని స్వరూపమును వివరించియుండిరి. మన గర్భగృహము, పడమటి దేశపు ప్రార్థనాలయముల వలె దానికి అంటియున్న విశాల మండపము, ఒకే కప్పు క్రింద. గీసిన చిత్రము ముప్ఫై ఏండ్లకు పైగా కాగితముగానే ఉన్నది. అమెరికా భక్తుల ధనసహాయముతో కట్టడము పూర్తియై, 1938 జనవరి 14న, మకర సంక్రాంతి దినమున, వృద్ధుడై, రోగగ్రస్తుడైయున్న విజ్ఞానానందస్వామియే అస్థికలశమును గర్భగృహమున ప్రతిష్ఠించినారు. అదే సంవత్సరము ఏప్రిలు 25న వారు దేహము చాలించినారు.